పటం మీద నల్లదారం

జిల్లా కార్యాలయం, రెండో అంతస్తు, మేజిస్ట్రేటు గారి గది. ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు మొదలు.

నా అసలు పేరు, తండ్రి పేరు పై గళ్లలో గుమాస్తా గారు ఇందాకే నింపుకున్నారు. ఆ పేరు చెప్పి అడిగితే మా ఇల్లు ఎవరూ చూపించరు, టైలరమ్మ అంటే చూపిస్తారు. వయసు నలభై ఏడు. వృత్తి కుట్టుపని. మా ఇంటి ముందుగదే నా దుకాణం. ఆడవాళ్ల బట్టలు, బడిపిల్లల యూనిఫారాలు, వకీళ్ల నల్లకోట్లు కుడతాను. ఇంతకుముందు ఏ కోర్టులోనూ సాక్ష్యం చెప్పినదాన్ని కాదు. నన్నెవరూ బెదిరించలేదు, ఏం చెప్పాలో నేర్పించి పంపలేదు. నేర్పించడానికి మా వదిన రాత్రి చాలా తంటాలు పడింది గానీ, దారిలోనే అంతా మరిచిపోయాను. కాబట్టి జరిగింది జరిగినట్టే చెబుతాను.

నా మీద వచ్చిన ఫిర్యాదు ఏమిటంటే, మీ రికార్డు గదిలో ఉన్న పాత పటం మీద నేను లేని బాట ఒకటి గీశానని. నేను గీయలేదు. కుట్టాను. ఆ తేడా మీకు తెలియాలంటే మా సందు సంగతి మొదటినుంచీ చెప్పాలి.

మా ఇల్లు వీధివైపు ఉంటుంది. దాని వెనకభాగంలో మా ఆయన అక్కగారు, అంటే మా వదిన, ఒక్కతే ఉంటుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయింది. తర్వాత పక్షవాతం వచ్చి ఎడమకాలు, ఎడమచెయ్యి పట్టుతప్పాయి. చక్రాల కుర్చీలో తిరుగుతుంది. నోటికి మాత్రం ఏమీ కాలేదు. డాక్టరు గారు కూడా ఆ మాటే రాశారు, కాస్త మర్యాదగా. ఆవిడ తన గుమ్మంలోంచి వీధిలోకి రావడానికి ఉన్నది ఒకటే దారి, మా పక్కగోడకీ కలప డిపో గోడకీ మధ్య ఉన్న సందు. మా ఇంట్లోంచే రావచ్చు కదా అని మీరు అడగబోతున్నారు. మధ్యలో మెట్లున్నాయి, పైగా తలుపు కుర్చీకంటే సన్నం.

రోజూ సాయంత్రం అయిదింటికి ఆవిడ కుడిచేత్తో, కుడికాలితో కుర్చీ తోసుకుంటూ ఆ సందులోంచి వచ్చి నా దుకాణం ముందు ఆగేది. వీధిన పోయే మనిషి ఒక్కరూ ఆవిడ పలకరింపు తప్పించుకుపోలేదు. నా దగ్గరికి వచ్చినవాళ్లకు బట్టలు ఎందుకు బిగుతయ్యాయో నాకంటే ముందు ఆవిడే చెప్పేది. బేరాలు పోతాయని నేను పళ్లు నూరుకునేదాన్ని.

పోయిన ఎండాకాలంలో కలప డిపో ఆయన సందు మొదట్లో ఇనుప గేటు పెట్టి తాళం వేశాడు. చెక్కలు పోతున్నాయట, ఆ సందులోంచే దొంగలు దూరుతున్నారట. ఆయన చెడ్డమనిషని నేను చెప్పను. నేను బట్ట కత్తిరించుకునే బల్లకు పలక ఆయనే ఇచ్చాడు, అదీ మంచి పలక. కానీ సందు సంగతి ఎత్తేసరికి అది తన తండ్రినాటి నుంచీ తమదేనని, ఇన్నాళ్లూ దయతలచి నడవనిచ్చామని అన్నాడు. మా ఆయన వెళ్లి నచ్చజెప్పాడు. వినలేదు.

మధ్యలో ఒకసారి వదినను ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. డిపోలో బరువులు మోసే మనుషులిద్దరు ఆవిడను కుర్చీతో సహా ఎత్తి, పక్కకు వంచి, మా తలుపులోంచి దాటించారు. దుకాణంలో అప్పుడు నలుగురు బేరగాళ్లున్నారు. ఆవిడ ఎవరి మొహమూ చూడలేదు. ఇంటికొచ్చాక నాతో ఒకే మాట అంది, "నేనేమన్నా బీరువానా?" అని. ఆ తర్వాత ఎంత బతిమాలినా ఎవరినీ ఎత్తనివ్వలేదు. వెనక గదిలోనే ఉండిపోయింది.

సాయంత్రం అయిదయ్యేసరికి నా కాలు మిషను మీద ఆగిపోయేది. ఆవిడ నస లేక నాకు పని సాగలేదంటే మా వీధిలో అందరూ నవ్వుతారు. నిజంగానే సాగలేదు. నాకు ఆవిడ మళ్లీ వచ్చి అక్కడ కూర్చోవాలి, అంతే. అందుకే కాగితాల వేట మొదలుపెట్టాను.

ఆ వేటకు దారి చూపింది మా వదినే. ఏ కౌంటరులోనైనా "ఇక్కడ లేదు" అంటే అది జవాబు కాదని, "మరి ఎక్కడుంది, ఏ బల్ల దగ్గర అడగాలి" అని తేలేదాకా కదలొద్దని చెప్పి పంపింది. నేను అలాగే చేశాను. మునిసిపాలిటీ ఆఫీసులో, మా వీధి ఆ ఆఫీసు పుట్టకముందే వేసిందని, అంతకుముందు పటాలు సర్వే ఆఫీసులో ఉంటాయని చెప్పారు. సర్వే ఆఫీసులో, నంబరు లేకుండా వెతకడం కుదరదన్నారు. నంబరు ఎక్కడ దొరుకుతుందని అడిగాను. రిజిస్ట్రేషన్ ఆఫీసులో మా మామగారు ఇల్లు కొన్న దస్తావేజు ఉంటుంది, అందులో ఉంటుందన్నారు. అక్కడ సూచిక పుస్తకంలో పేర్లు ఏటికి ఏడాది వేరుగా ఉంటాయి. మామగారు ఏ ఏడు కొన్నారో నాకు తెలియదు. వదినకు ఫోన్ చేస్తే, తను మూడో తరగతి తప్పిన ఏడాది అంది. ఆ లెక్కన వెతికిస్తే దొరికింది.

నంబరు పట్టుకుని మళ్లీ సర్వే ఆఫీసుకు వెళ్తే, అసలు పటం జిల్లా రికార్డు గదిలో ఉందన్నారు. ఆ గది ఈ భవనంలోనే, మీ కిందనే ఉంది. దరఖాస్తు రాసి, స్టాంపు అంటించి, రికార్డు కీపరు గారికి ఇచ్చాను. ఆయన ఇప్పుడు నా వెనకాల నిలబడి ఉన్నారు. ఆయన గురించి నేను చెప్పేది దయచేసి పూర్తిగా రాసుకోండి, ఎందుకంటే నా మూలంగా ఆయన ఉద్యోగానికి మాట రాకూడదు.

ఆయన వారం తర్వాత రమ్మన్నారు, వెళ్లాను. పటం తీసి పెట్టి ఉంచారు. బట్ట మీద అంటించిన పాత కాగితం. ఎన్నేళ్ల నుంచో ఒకే చోట మడత పెట్టి ఉంచడంతో ఆ మడత దగ్గర నిలువునా చీలి రెండు ముక్కలైంది. ఆ చీలిక అడ్డంగా దాటిన చోట తప్ప, మా సందు సిరాతో రెండు గీతలుగా చక్కగా కనబడుతోంది, మధ్యలో 'ఉమ్మడి సందు' అని రాసి కూడా ఉంది. నాకు అక్కడే ఏడుపొచ్చింది. సంతోషంతోనే. నకలు ఇమ్మని అడిగాను.

ఆయన ఇవ్వనన్నారు. చినిగి ముక్కలైన పటానికి నకలు ఇస్తే ఏ ముక్కకు సీలు వెయ్యాలని అడిగారు. రెండో ముక్క ఇంకో పటానిదని రేపు ఎవరైనా అంటే తను ఏం చెప్పుకోవాలన్నారు. పటాలు బాగుచేసే బైండరు రిటైరయ్యాక ఆ చోటు ఖాళీగా ఉందట. పైఆఫీసుకు పంపిస్తే ఎప్పటికి తిరిగొస్తుందో చెప్పలేమట. టేపు వేసి అతికించమన్నాను. ఆయన ఇంకో పటం తెచ్చి చూపించారు. ఎప్పుడో వేసిన టేపు పచ్చబడి, దాని కింద అక్షరాలన్నీ తినేసింది. జిగురు, టేపు వాడకూడదని గోడమీద ఆర్డరు కూడా అంటించి ఉంది.

నేను ఆ ఆర్డరు మొత్తం చదివాను. కుట్టకూడదని అందులో లేదు. ఆ మాటే ఆయనతో అన్నాను. ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని తనూ చదివారు. కింద ఉన్నది బట్టే కదా, బట్ట కుట్టడమే నా బతుకని చెప్పాను. ఆయన లోపలికి వెళ్లి సూపరింటెండెంటు గారిని అడిగి వచ్చారు. పటం గది దాటకూడదని, తన కళ్లముందే కుట్టాలని, సంగతి దరఖాస్తు వెనక రాసి ఇద్దరం సంతకాలు పెట్టాలని అన్నారు. పెట్టాం. ఆ సంతకాలు ఇప్పుడు మీ ముందున్న ఫైలులోనే ఉన్నాయి. మేము దొంగతనంగా చేసింది ఏమీ లేదు.

సూది నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. ఆ రోజు ఒక వకీలు గారి కోటు అంచు కుట్టి, అటునుంచే వచ్చాను. అందుకని సంచిలో నల్లదారం తప్ప ఇంకేమీ లేదు. తెల్లదారం కొనుక్కొస్తానంటే మధ్యాహ్నం గది మూసేస్తారన్నారు. నల్లదైతే ఏమిలే అనుకున్నాను. పాత బట్ట కదా, దగ్గరగా కుడితే చిల్లులు కలిసిపోయి మళ్లీ చినుగుతుంది. అందుకే దూరదూరంగా, కోటుకు ముందుగా వేసే కచ్చా కుట్టు వేశాను. పైనుంచి చూస్తే దారం కొంచెం కనబడి, కొంచెం లోపలికి పోయి, మళ్లీ కనబడుతుంది. అన్నీ ఒకే కొలత. ఒక్క చోట మాత్రం రికార్డు కీపరు గారు టీ తాగుతారా అని అడిగితే తలెత్తాను, అక్కడ కుట్టు కాస్త పొడుగైంది. అక్కడే రెండు ముళ్లు వేసి సరిచేశాను.

పటం ఒక్కటైంది. ఆయన దాన్ని చేతులతో నిమిరి చూసి, తమ బైండరు కూడా ఇంత నేర్పుగా కుట్టేవాడు కాదన్నారు. జిరాక్సు మిషనులో పెట్టి నకలు తీసి, సీలు వేసి, 'అసలుకు సరిపోయినది' అని రాసి ఇచ్చారు. నేను నకలులో మా సందు ఒక్కటే చూసుకున్నాను. మిగతాది చూడలేదు. ఆయనా చూడలేదు. ఇద్దరం టీ తాగాం. ఆ పూట మేమిద్దరం చాలా సంతోషంగా ఉన్నాం.

ఆ నకలు మునిసిపాలిటీలో ఇచ్చి గేటు తీయించమని అర్జీ పెట్టాను. పోయిన నెల పదో తారీఖు ఉదయం పది గంటలకు సర్వేయరు గారు నకలు, కొలత టేపు, సుద్దముక్క పట్టుకుని వచ్చారు. ముందు డిపోలోకి వెళ్లారు. ఒక గంటకు డిపోలోంచి కేకలు వినిపించాయి. నేను పరుగెత్తాను. సర్వేయరు గారు డిపో గోడనుంచి మొదలుపెట్టి, దుంగల మధ్యగా, రంపపు మిషను బల్ల మీదుగా సుద్దతో గీత గీసుకుంటూ వస్తున్నారు. అదేమిటని డిపో ఆయన అడిగితే, పాత కాలిబాట అన్నారు. పటంలో స్పష్టంగా ఉందట, ఊరివాళ్లు నడిచే బాటను ఎవరూ మూయకూడదట, రంపం తీసి పక్కన పెట్టాలట. డిపో ఆయన మొహం పాలిపోయింది. ఆ రంపం మీద ఆయన ఇల్లు, ఇంకో ఆరిళ్లు బతుకుతున్నాయి.

నేను లోలోపల నవ్వుకున్నాను. అబద్ధం చెప్పను. సందు మూసినందుకు తగిన శాస్తి జరిగిందనుకున్నాను. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. సర్వేయరు గారు సుద్ద పట్టుకుని అదే వరసలో సందు దాటి, మా గోడ దగ్గరికొచ్చి, చుట్టూ తిరిగి, నా దుకాణంలోకి వచ్చారు. అద్దం ముందునుంచి నా కుట్టుమిషను కాళ్ల మధ్యగా గీత గీశారు. ఇక్కడినుంచీ బాట పోవాలమ్మా, మీ మిషను కూడా తీసెయ్యాలి అన్నారు. దుకాణం వెనక గోడకున్న కిటికీ అవతల మా వదిన అంతా వింటోంది. పడీ పడీ నవ్వింది. "మరదలా, నీ దుకాణంలోంచి ఊరేగింపులు పోతాయే ఇక" అంది.

అప్పుడు సర్వేయరు గారు నకలును నా బల్ల మీద పరిచి చూపించారు. పటం మూలన గుర్తుల పట్టిక ఉంది. అందులో తుంపులు తుంపులుగా ఉన్న గీతకు 'కాలిబాట' అని రాసి ఉంది. అలాంటి గీతే పటం పైనుంచి కిందికి సాగి ఉంది, డిపోలోంచి, నా దుకాణంలోంచి. నేను వంగి చూశాను. ఒక చోట ఒక తుంపు మిగతావాటికంటే పొడుగ్గా ఉంది. దాని పక్కన రెండు చుక్కలు. అవి నా రెండు ముళ్లు. నా చేతి కుట్టు నేను పోల్చుకోలేనా?

అది దారం అని చెబితే, పటాన్నే పాడుచేశానంటారు. పటం చెల్లదంటే మా సందు కూడా పోతుంది. వదినకు కిటికీలోంచి నా మొహం కనబడింది. ఆవిడకు విషయం అర్థమైపోయినట్టుంది, నవ్వు ఆపేసింది. నోరు మూసుకోమని వేలితో సైగ చేసింది. సందు దక్కాక నీ మిషను సంగతి తర్వాత చూసుకుందాం అన్నట్టు. కానీ డిపో ఆయన నా గుమ్మంలో నిలబడి, నేనిచ్చిన మంచినీళ్లు కూడా తాగలేక చేతిలో పట్టుకుని ఉన్నాడు. నేను చెప్పేశాను. "ఇది బాట కాదండీ, నా దారం" అన్నాను.

సర్వేయరు గారు మంచివారు. కోప్పడలేదు. సీలు ఉన్న నకలును తాను మాట మీద మార్చలేనని, అసలు పటం చూసి తేల్చాల్సింది పైవాళ్లని చెప్పి, పని ఆపి వెళ్లిపోయారు. డిపో ఆయన మాత్రం మర్నాడే మీ దగ్గర ఫిర్యాదు పెట్టాడు. పటం దిద్దిన మనిషి సందు కూడా దిద్దే ఉంటుందని అందులో రాశాడు. ఆయన్ను నేను తప్పుపట్టను. సుద్దగీత ఇంకా ఆయన రంపం కిందే ఉంది. నాకు భయంగా ఉండింది. వదిన పది రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. పదకొండో రోజు మాట్లాడింది. "నేనైతే చెప్పేదాన్ని కాదు. నువ్వు చెప్పావు. సర్లే" అంది. ఆవిడ దగ్గర అంతకంటే పెద్ద మెప్పు నేను ఇన్నేళ్లలో పొందలేదు.

ఇక ఈ పూట జరిగింది మీ ఎదురుగానే జరిగింది, అయినా చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను. రికార్డు కీపరు గారు అసలు పటం తెచ్చి మీ బల్ల మీద పరిచారు. మీరు విప్పమంటే పటంలో రంపం ఉండే చోట పడ్డ నాలుగు కుట్లు చిన్న కత్తెరతో విప్పాను. దారం కింద సిరా లేదు. సూది చిల్లులు తప్ప ఏమీ లేదు. తర్వాత మీరు భూతద్దం పెట్టి మా సందు చూశారు. కుట్టు అడ్డంగా దాటిన ఒక్కచోట తప్ప అక్కడ దారం లేదు, చిల్లు లేదు, రెండు గీతలూ 'ఉమ్మడి సందు' అన్న మాటా పాత సిరాతోనే ఉన్నాయి. సర్వేయరు గారూ చూశారు. డిపో ఆయన్ను కూడా చూడమన్నారు. ఆయన చాలాసేపు చూశాడు.

ఆయన ముందు తన రంపం సంగతే ఎత్తాడు. "అయితే నా రంపం కింద బాట లేనట్టేగా సార్?" అని అడిగాడు. లేదన్నారు మీరు. కాగితం మీద రాసి ఇస్తారా అన్నాడు. ఇస్తామన్నారు. ఆయన కుర్చీలో కూలబడి, అంతవరకూ బిగబట్టిన ఊపిరంతా వదిలాడు. నాకు కూడా ప్రాణం లేచొచ్చింది. తర్వాత జేబులో చెయ్యి పెట్టి తాళంచెవి తీసి నా ముందు పెట్టాడు. "అమ్మగారిని ఇంక ఎత్తనివ్వకండి. ఆ రోజు ఎత్తింది మా మనుషులే, నేను చూస్తూ ఉన్నాను" అన్నాడు. నేను తీసుకున్నాను.

మీరు చివరగా, నేను కోరేది ఏమైనా ఉందా అని అడిగారు. ఒకటి ఉంది. కుట్లు అన్నీ విప్పేస్తే ఆ పటం మళ్లీ రెండు ముక్కలవుతుంది, మళ్లీ ఎవరికీ నకలు ఇవ్వరు. ఆ పటంలో మా సందు ఒక్కటే లేదు. ఇందాక భూతద్దంలో నేనూ చూశాను, అలాంటి జంటగీతలు ఎన్నో ఉన్నాయి. ఒక్కో దాని చివర ఎవరో ఒకరి గుమ్మం ఉంటుంది. వాళ్లలో ఎవరికి ఎప్పుడు అవసరం పడుతుందో తెలియదు. అందుకని, నల్లదారం విప్పి తెల్లదారంతో మళ్లీ కుట్టడానికి నాకు అనుమతి ఇవ్వండి. జిరాక్సు మిషనులో పెట్టినా కనబడని సన్నదారం నా దగ్గరుంది. రికార్డు కీపరు గారు ఈసారీ పక్కనే కూర్చుంటారు. టీ మాత్రం కుట్టు అయ్యాకే అడగాలి.

అది రేపు చేస్తాను. ఈ రోజు కుదరదు. తాళంచెవి నా గుప్పిట్లో ఉంది, మీరు రాసుకుంటున్నంతసేపూ అది నా చేతిని కాలుస్తూనే ఉంది. మా వదినకు ఇంకా తెలియదు. ఫోన్ చేసి చెప్పమని గుమాస్తా గారు తన ఫోన్ ఇవ్వబోయారు, వద్దన్నాను. గేటు తీసి, సందులోంచి నడుచుకుంటూ వెళ్లి, ఆవిడ గుమ్మం ముందు నిలబడి చెబుతాను.

పైన ఉన్నదంతా నా నోటి మాటే. గుమాస్తా గారు చదువుతుంటే విన్నాను, నేను చెప్పినట్టే ఉంది. ఇందులో నేను కలిపింది లేదు, దాచింది లేదు, నాకు తెలిసినంతవరకూ నిజం.

(సంతకం)
టైలరమ్మ

నా ఎదుట చదివి వినిపించి, సంతకం తీసుకోవడమైనది. సమయం పన్నెండు గంటల నలభై నిమిషాలు. తెల్లదారంతో కుట్టుటకు అనుమతి ఇవ్వడమైనది.

(సంతకం, ముద్ర)
మేజిస్ట్రేటు

గుమాస్తా గమనిక: ఈ వాంగ్మూలం నకలు ఆమెకు ఉచితంగా ఇవ్వవలసి ఉన్నది. తీసుకోవడానికి ఆమె ఆగలేదు. మెట్ల దగ్గరికి వెళ్లి పిలిచినా వినకుండా వెళ్లిపోయినది. రేపు ఇవ్వవలెను.